బ్రాకెట్లో పెట్టిన దెబ్బలు

మా ముత్తాత మునసబు. శిస్తు వసూలు మొదలుకొని పొలం గట్టు తగువు దాకా అన్నీ ఆయన అరుగు మీదే తేలేవి. మా తాత తాలూకా బోర్డు సభ్యుడు. సిరుగుప్ప నుంచి ఏ అధికారి వచ్చినా భోజనం మా ఇంట్లోనే చేసేవాడు. మా నాన్నకు పదవులేవీ రాలేదు గానీ ఊరి జాతరలో మొదటి కొబ్బరికాయ ఆయన చేతికే ఇచ్చేవారు. నా చేతికి ఏదీ ఇవ్వలేదు. దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. నేను ఎక్కడి నుంచి బయలుదేరానో తెలిస్తే తక్కినది అర్థమవుతుందని చెబుతున్నాను.

బళ్ళారి జిల్లా తెక్కలకోటకు దగ్గరలోని మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. పీర్ల పండగకైనా జాతరకైనా తప్పెటల మేళం మా ఇంటి ముందు ఆగి, మా ఇంటి కోసమని ఒక వరుస వాయించాలి. అది ఇంకే ఇంటి ముందూ వాయించకూడదు. వాయిస్తున్నంత సేపూ మా మగవాళ్ళందరం అరుగు మీద నిటారుగా నిలబడాలి. తల ఊపకూడదు. వేలు ఆడించకూడదు. "వాళ్ళు మనకోసం వాయిస్తాండారు. మనం వాళ్ళకోసం ఊగేది లేదు" అనేవారు తాత. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు పంచె అంచు కింద బొటనవేలు దానంతటదే ఆడేది. మా మేనత్త గడప లోపలి నుంచి అది చూసి, మేళం వెళ్ళాక నా చెవి మెలిపెట్టేది.

నేను పెద్దయ్యేనాటికి ఇనుప ఖనిజం ధర పెరిగింది. మా ఊరి రైతులు పొలాల మీద అప్పు తెచ్చి టిప్పర్లు కొన్నారు. ఎర్రదుమ్ము రోడ్డు పక్క జొన్నచేను మీద, ఆరేసిన బట్టల మీద, పెళ్ళి పందిళ్ళ మీద పడేది. మాకు టిప్పరు కొనే శక్తి లేదు. నేను దోణిమలై కొండ దిగువన ఒక వేబ్రిడ్జిలో గుమాస్తాగా చేరాను. ఖనిజం లారీ కాటా మీదికి ఎక్కుతుంది, బరువు చూసి స్లిప్పు రాసిస్తాను, దిగిపోతుంది. మా మేనత్త ఊళ్ళో నన్ను ఆఫీసరని చెప్పేది. నేను కాదనలేదు.

ఆ కాటా చెడిపోయినప్పుడల్లా బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు. వైర్లు విప్పి కూర్చుని ల్యాప్‌టాప్‌లో పాటలు పెట్టుకునేవాడు. ఒకసారి ఆ పాటల్లోని డ్రమ్ము విని నా చేతిలో స్లిప్పు అలాగే ఉండిపోయింది. ఇదేం సంగీతమని అడిగితే "ఫంక్" అన్నాడు. పోతూ పోతూ నాకు ఒక సీడీ కాపీ చేసి ఇచ్చాడు. దాని మీద ఏ పేర్లూ లేవు, నంబర్లు తప్ప. కాబట్టి ఆ మహానుభావులను ఇప్పటికీ నేను నంబర్లతోనే గుర్తుపెట్టుకున్నాను.

మూడో నంబరాయన ఐదు నిమిషాల పాటు ఒకే వరుస వాయిస్తాడు. దానికి ఏమీ చేర్చడు. చేర్చగలడని మొదటి నాలుగు దెబ్బల్లోనే తెలిసిపోతుంది, అయినా చేర్చడు. ఆ నిగ్రహం నాకు కొత్తది కాదు. ఏడో నంబరాయన స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద కొట్టే దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది, పిలిచిన వెంటనే లేవని పెద్దమనిషిలాగా. పదకొండో పాటలో హైహాట్ అనే ఇత్తడి పళ్ళాల జత తెరిచి మూసేచోట చిన్న ఊపిరి వినబడుతుంది, వంటింట్లో గిన్నె మీద మూత కొంచెం జరిగినట్టు. అందరూ చేసే పని మాత్రం ఒకటే. నాలుగు లెక్కల్లో మొదటిదాని మీద అందరూ కలిసి దిగుతారు. తర్వాత ఎవరి దారి వారిది. మళ్ళీ ఒకటి దగ్గరికి ఎవరూ ముందు రారు, ఎవరూ వెనక రారు. వాళ్ళ పెద్ద దెబ్బల వెనకాల సన్నగా ఒక గరగర వినిపించేది, ఎవరో పక్కన చేటలో ఇసుక చెరుగుతున్నట్టు. కాపీ సీడీ కదా, దుమ్ము ఉంటుందిలే అనుకున్నాను. ఆ రోజుల్లో మా దగ్గర దుమ్ము లేనిదేదీ లేదు.

కొన్ని వారాలకు బళ్ళారిలో, పాత పుస్తకాలు నేల మీద పరిచి అమ్మే ఒకాయన దగ్గర, బ్యాంకు పరీక్షల గైడ్ల నడుమ ఒక డ్రమ్ము పుస్తకం కనబడింది. ఇంగ్లీషు పుస్తకం. అట్ట మీద ఒక నల్లజాతి పెద్దమనిషి డ్రమ్ముల వెనక కూర్చుని ఉన్నాడు. వెన్ను నిటారుగా ఉంది. ముఖం దినపత్రిక చదువుకుంటున్నట్టుంది. మణికట్టు ఒక్కటే కదులుతున్నట్టు మసకగా పడింది. ఇలా కూర్చోవడం నాకు వచ్చు అనుకున్నాను. పుస్తకం వెనక సీడీ పెట్టే సంచి ఉంది, సీడీ లేదు. ముందు పేజీలు, ఏ గుర్తుకు ఏమి అర్థమో చెప్పేవి, చినిగిపోయాయి. బేరం ఆడకుండా కొన్నాను. మా ఇంట్లో బేరం ఆడే అలవాటు ఎవరికీ లేదు.

గురువును వెతుక్కోవాలని నాకు తోచలేదు. ఒకరి ముందు కూర్చుని తప్పులు దిద్దించుకోవడం నా వల్ల కాని పని. పుస్తకమైతే మన తప్పును ఎవరికీ చెప్పదు. పంక్చరు అంగడిలో ఒక టైరు ముక్క కోయించి కాటా గదిలో బల్ల మీద పెట్టుకున్నాను. బళ్ళారిలో రెండు పుల్లలు కొన్నాను. తాళం చూపే యంత్రం కావాలని పుస్తకం చెప్పింది. నాకున్నది గోడ గడియారం. నిమిషానికి అరవై. పాఠం ఎనభైలో వాయించమన్నా, నూటపదిలో వాయించమన్నా నేను అరవైలోనే నేర్చుకున్నాను. లారీకీ లారీకీ మధ్య దొరికిన సమయమంతా దానికే పోయేది.

"ఏమన్నా, స్లిప్పు ఇచ్చేదుండాదా, టైరును సావగొట్టేదుండాదా?" అని డ్రైవర్లు కిటికీలోంచి అరిచేవారు.

"ఆ టైరు ఏం తప్పు చేసిందో పాపం" అని వెనక లారీలోవాడు అందుకునేవాడు.

నేను స్లిప్పు ఇచ్చి మళ్ళీ లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఆ రెండేళ్ళు నేను సంతోషంగా ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారాలు ఊరికి వెళ్ళినా టైరు ముక్క వెంట ఉండేది. మా అత్తకు అది కిట్టేది కాదు.

"మన ఇంట్లో ఇంతవరకు చర్మం ముట్టినోళ్ళు లేరు" అంది ఒకనాడు.

"ఇప్పటి డ్రమ్ములకు చర్మం ఉండదత్తా. ప్లాస్టిక్."

"ప్లాస్టిక్కయితే దానికి పుస్తకమేంది? నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో బిందె ఉండాది, పోయి కొట్టుకో."

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ పుస్తకంలో ఒక్కో దెబ్బకు ఒక్కో నల్ల గుండు. పాఠం పాఠానికీ కొన్ని చిన్న గుండ్లు ఉండేవి, ఒక్కొక్కదానికి రెండు పక్కలా బ్రాకెట్లు. అవి ఏమిటో చెప్పే పేజీ చినిగిపోయిందని చెప్పాను కదా. కానీ నాకు అనుమానమే రాలేదు. మా ఇంట్లో పిల్లలు అక్షరాల తర్వాత నేర్చుకునేది పహణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసి ఉండే సర్కారు లెక్క, చదవడం. చేతిరాత పహణీలో ఒక పేరు చుట్టూ కరణం బ్రాకెట్ గీశాడంటే, ఆ భూమి మీద ఆ పేరు రద్దయిందని అర్థం. భూపరిమితి చట్టం వచ్చాక మా తాత పేరు చుట్టూ ఎన్ని సర్వే నంబర్లలో బ్రాకెట్ పడిందో నాకు వరుసగా తెలుసు. కాబట్టి బ్రాకెట్లో ఉన్న దెబ్బ రద్దయిన దెబ్బ. కొట్టకూడదు. ఇందులో ఆలోచించవలసిందేమీ లేదు. పైగా అవి కంటికి అడ్డం వస్తున్నాయని, ఆఫీసులో ఉండే తెల్ల ద్రవం, రాతలో తప్పులు చెరిపేది, తీసుకుని పుస్తకం మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క దాని మీదా పూశాను. మూడు సీసాలు పట్టింది. పని శుభ్రంగా చేశాను.

దోణిమలై టౌన్‌షిప్‌లో ఉద్యోగుల ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆయన గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను, కీబోర్డు వాయించేవాడు. కాగితం చూసి వాయించడం రాదు, అంతా చెవి. మాటల్లో కన్నడం కలిసేది. వాళ్ళ డ్రమ్మరు రిటైరై సొంతూరికి వెళ్ళిపోతున్నాడని ఒక డ్రైవరు చెప్పాడు. డ్రమ్ముల వెనక ఆయన కూర్చునే స్టూలు నాకు కావాలనిపించింది. ఇంతవరకు మా వంశంలో నాకు ముందు కూర్చున్నవాళ్ళు దిగిపోయిన కుర్చీలే తప్ప, నేను ఎక్కడానికని ఏదీ మిగల్లేదు. ఇది ఎవరి తర్వాతా రాదు. వాయించగలిగితే వస్తుంది, లేకపోతే రాదు. నా జీవితంలో ఏదైనా అంతగా కోరుకున్నానంటే అదే.

ఒక ఆదివారం మధ్యాహ్నం కీబోర్డు ఆయన క్లబ్బు హాల్లో నాకు పరీక్ష పెట్టాడు. మొట్టమొదటిసారి నిజమైన డ్రమ్ముల ముందు కూర్చున్నాను. నిటారుగా కూర్చుని పుస్తకంలో పద్దెనిమిదో పాఠం ఒక్క దెబ్బ తప్పకుండా వాయించాను. ఆయన కాసేపు కీబోర్డు కలిపి, తర్వాత చేతులు తీసేశాడు.

"చెయ్యి గట్టిదప్పా. లెక్క తప్పల్లేదు. ఆదరె నడక లేదు."

"పుస్తకంలో ఉన్నట్టే వాయించాను."

"ఏ పుస్తకమో నాకు తెలీదు. రోడ్డు మీద గుంతలుండాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య బండి దిగబడతాంది. నేను యాడ కాలు పెట్టల్ల?"

ఏమి లోపమో అడగవలసింది. అడగలేదు. లేచి చొక్కా సర్దుకున్నాను. ఆయనే మెత్తబడ్డాడు.

"క్లబ్బు వార్షికోత్సవంలో ఇట్లాంటి పాటలు రెండు వాయించల్లని నాకూ ఆశ ఉండాది. రెండు వారాలు సూస్తా. అప్పటికీ కాలేదంటే హొసపేట నుంచి రిథమ్ ప్యాడ్ వానిని పిలుస్తా. వాడు బటన్ నొక్కితే సాలు, నడుస్తాది."

బటన్ నొక్కేవాడికి ఆ చోటు పోతుందన్న మాట నన్ను ఆ వారమంతా తిననివ్వలేదు. టైరు మీద మరింత గట్టిగా కొట్టాను. గుంతలు మరింత లోతయ్యాయి. ఆ సంగతి నాకే వినబడసాగింది. చివరికి వారం రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చేశాను.

జాతర దగ్గర పడుతోంది. మేళంవాళ్ళు సాధన చేసుకుంటున్నారు. వాళ్ళ పెద్ద డెబ్బై ఏళ్ళవాడు, మా తాత కాలం నుంచీ మా ఇంటి ముందు వాయిస్తున్నవాడు. ఆయన కొడుకు టిప్పరు డ్రైవరు. ఆ పెద్దాయనకు కబురు పంపాను. ఉదయం పది గంటలకు భుజాన తప్పెటతో వచ్చి వీధిలో నిలబడ్డాడు. నేను అరుగు మీద నిలబడ్డాను.

"ఏమప్పా, మా ఇంటి వరుస ఒకసారి వాయించు."

"పండగ రాకముందే యాల సామీ?"

"వినాలి."

వాయించాడు. కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్నపుల్ల. పెద్ద దెబ్బలు నాకు పుట్టినప్పటి నుంచి తెలిసినవే. వాటి మధ్య ఖాళీలున్నాయి, నా వాయింపులో ఉన్నన్ని. కానీ ఇందులో గుంతలు లేవు.

"దెబ్బకీ దెబ్బకీ మధ్య ఏం చేస్తున్నావు?"

"ఏం జేస్తా? నడిపిస్తాండా."

"నాకేమీ వినబడలేదే."

ఆయన నవ్వాడు. పళ్ళు పెద్దగా లేవు. "ఆడ్నుంచి ఎట్ల ఇనపడ్తాది సామీ? మీ నాయనకీ ఇనపడలా, మీ తాతకీ ఇనపడలా. అది అరుగు దాకా రాదు."

"మరి ఎవరి కోసం?"

"నా పక్కనోని కోసం. వాని చెయ్యి తప్పకుండా. ఇంగ మేళం ముందర ఎగిరేటోని కాలు కోసం. కిందికి రాండి, మీకే తెలుస్తాది."

మా అరుగుకు మూడు మెట్లు. మేళం వాయిస్తుండగా మా ఇంటి మగవాడు ఆ మెట్లు దిగిన దాఖలా నాకు తెలిసి లేదు. మా అత్త గడపలోకి వచ్చి నిలబడింది. నేను దిగాను. ఆయనకు మూరెడు దూరంలో నిలబడ్డాను.

"మళ్ళీ వాయించు."

అప్పుడు విన్నాను. లావు పుల్ల ఎత్తిన ప్రతిసారీ సన్నపుల్ల తోలు మీద మెల్లగా పడి లేస్తోంది. కొడుతున్నట్టు లేదు, తడుముతున్నట్టుంది. చేటలో ఇసుక చెరుగుతున్న ఆ గరగర. నా సీడీలో ఉన్నది దుమ్ము కాదు. మూడో నంబరాయన ఎడమచెయ్యి అది.

లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చాను. తెల్ల మచ్చల్ని గోటితో గీకితే కింద గుండ్లు బ్రాకెట్లతో సహా అలాగే ఉన్నాయి. సరిగ్గా ఆ చోట్లలోనే. మెల్లగా కొట్టమని ఆ గుర్తుకు అర్థం.

పెద్దాయన తొంగి చూశాడు. "ఏంది సామీ, పుస్తకానికంతా సున్నం కొట్టినారు?"

పహణీ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చు, కానీ ఆయన అడిగాడు. ఆయన తప్పెట కిందికి దించి పగలబడి నవ్వాడు.

"పహణీలో బ్రాకెట్ నాకూ తెల్సు సామీ. మీ తాత పేరుకు బ్రాకెట్ ఏసి, పక్కన మా నాయన పేరు రాసినారు. ఒకటిన్నర ఎకరా. కాలవ కింద."

అది నాకు తెలుసు. ఏ సర్వే నంబరో కూడా తెలుసు. ఆయన ముఖంలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, కాబట్టి నేనూ నవ్వాను. మా అత్త మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా బ్లేడుతో పేజీలు గీకాను. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే టైరు ముక్క తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. మా ఇంటికి రప్పించుకోవచ్చు, ఆయన వచ్చేవాడే. కానీ నేర్చుకునేవాడు వెళ్ళడమే మర్యాద, అది మా ఇంట్లో చదువు చెప్పే అయ్యవారి విషయంలో ఎప్పుడూ పాటించిందే. ఆయన కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. కుర్చీలో కూర్చుంటే టైరు పెట్టుకునే ఎత్తు కుదరలేదు. వాకిట్లో బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాను. వెన్ను నిటారుగానే ఉంది. దాన్ని వంచమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"ఎడమచేతిని వదలండి" అనేవాడు. "దానితో కొట్టొద్దు సామీ. ఎత్తి ఇడిసిపెట్టండి. అదే పడ్తాది."

"పడితే శబ్దం రావడం లేదు."

"రానక్కర్లే. ఉంటే సాలు."

మూడో రోజు ఆయన మనవరాలు వాకిలి ఊడుస్తూ తనకు తెలియకుండానే ఆ లెక్కలో చీపురు ఆడించసాగింది. పెద్దాయన కనుబొమ్మతో అటు చూపించాడు.

"సూడండి సామీ, ఇప్పుడు నడుస్తాండాది."

ఇంత కాలంలో నాకు దొరికిన మెప్పుల్లో దాన్ని మించింది లేదు.

రెండో ఆదివారం క్లబ్బు హాల్లో అదే పద్దెనిమిదో పాఠం వాయించాను, ఈసారి బ్రాకెట్లతో సహా. కీబోర్డు ఆయన నాలుగు ఆవర్తాలు ఊరికే విన్నాడు. తర్వాత వేళ్ళు పెట్టాడు. ఎంతసేపు వాయించామో ఇద్దరికీ తెలియలేదు. వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ గుమ్మంలోకి వచ్చి నిలబడి, తాళాలు ఆడించడం మానేసి విన్నాడు.

"ఎల్లిద్దెప్పా?" అన్నాడు కీబోర్డు ఆయన చివరికి. "ఇన్ని దినాలు యాడుంటివి?"

"ఇక్కడే, కాటా గదిలో."

"సీటు నీదే. ఆదరె ఒక మాట. ఈ డ్రమ్ములు పాతాయన సొంతం. ఎత్తుకపోతాండాడు. నీవి నువ్వే తెచ్చుకోవల్ల."

ఇంటికి వచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"దానికి డబ్బు యాడిది?"

"చూడాలి."

"ఆ తప్పెటాయన ఏమన్నాడు, నీకు వచ్చిందనా?"

"వచ్చిందన్నాడు."

ఆమె ఒక రాయి ఏరి పారేసింది. "ఆయన ఊరికే అనేటోడు కాదులే. మీ నాయన పెండ్లిలో ఇంగొకాయన తప్పు కొడితే ఆడనే చేతిలోంచి గుంజుకున్నాడు." తర్వాత చేట పక్కన పెట్టింది. "పడమటి కొట్టం ఉండాది కదా. దాంట్లో పశువుల్లేక ఎన్నేండ్లాయె."

వార్షికోత్సవంలో రెండు పాటలూ వాయించాము. గని కార్మికులు కుర్చీలు వెనక్కి తోసి లేచారు. పెద్దాయన తన కొడుకు టిప్పర్లో వచ్చి వేదిక పక్కన, నా ఎడమచెయ్యి వినబడే దూరంలో నిలబడ్డాడు. ఆ తర్వాత గనులు మూతపడేదాకా ఆ స్టూలు నాదే. ఆ సంవత్సరాల్లో టౌన్‌షిప్ నుంచి తెక్కలకోట దాకా ఎన్నో వేదికలు ఎక్కాము. ఎక్కడా ఒకటి దగ్గరికి నేను ముందు రాలేదు, వెనకా రాలేదు.

డ్రమ్ముల కోసం అమ్మినవి పడమటి కొట్టం టేకు దూలాలు తొమ్మిది, స్తంభాలు నాలుగు, జోడు తలుపులు, గడప. తోరణగల్లు రోడ్డులో కొత్త ఇల్లు కడుతున్న లారీల యజమాని కొన్నాడు.